శాలువా దాచినవాడు

డెర్వ్‌లాకీ కోల్మన్‌కీ మొదటి పోట్లాట బొమ్మ దగ్గర వచ్చింది.

కోల్మన్ లైబ్రరీ వ్యాను నడుపుతాడు. మేయో జిల్లా సముద్రపొడ్డు పల్లెలన్నిటికీ పుస్తకాలు మోసుకెళ్ళి, బడిపిల్లలకి వారానికో పాతకథ చెప్పి వస్తాడు. వాళ్ళ తాత దగ్గర నేర్చుకున్న కథలవి. ఆ తాత పడవలో కూర్చుని కథ ఎత్తుకుంటే చేపలు గాలం సంగతి మరిచి నీళ్ళ పైకొచ్చి వినేవట. నమ్మకపోతే మీ ఇష్టం, ఆ ఒడ్డున అందరూ నమ్ముతారు.

ఆ ఏడు, అంటే ఎనభై నాలుగులో, కథలకి బొమ్మలు వెయ్యడానికి లైబ్రరీవాళ్ళు డెర్వ్‌లాని పంపారు. వేళ్ళకి ఎప్పుడూ నీలం రంగు, జుట్టులో ఎప్పుడూ ఒక పెన్సిలు. మొదటిరోజే అతను నోరు తెరవకముందే ఆమె బొమ్మ ఎత్తి చూపించేసింది.

"రాక్షసుణ్ణి నువ్వే చూపించేస్తే ఇక నేను చెప్పేదేముంది?" అన్నాడు కోల్మన్.

"బొమ్మ లేకపోతే నీ కథకి వెనక బెంచీ నిద్రపోతుంది."

"వాళ్ళు కళ్ళు మూసుకుని వింటారు."

"గురకపెట్టి మరీ వింటారా, మహానుభావా?"

చివరికి ఒక ఒప్పందానికొచ్చారు. అతను మోకాలి మీద తడితేనే ఆమె పేజీ తిప్పాలి. మాట ముందు, బొమ్మ తరవాత.

మేనెల వచ్చేసరికి అతని చెయ్యి మోకాలిదాకా రాకముందే ఆమె వేళ్ళు పేజీ మీదికి వచ్చేవి. ఎప్పుడు తడతాడోనని ఆమె చూపు అతని మీదే, తిప్పుతుందో లేదోనని అతని చూపు ఆమె మీదే. పిల్లలు ఒకళ్ళనొకళ్ళు మోచేతులతో పొడుచుకునేవారు.

అలాంటి రోజుల్లోనే డెర్వ్‌లా ఒక సంగతి చెప్పింది.

"డబ్లిన్‌లో ఒక పుస్తకాల కంపెనీకి నా బొమ్మలు పంపాను. నచ్చితే రెండేళ్ళు అక్కడే పని. ఎంపికైనవాళ్ళకే ఉత్తరం రాస్తారట. వచ్చే శుక్రవారం పన్నెండులోపు సరేనని ఫోన్ చెయ్యకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు. లైబ్రరీ చిరునామాయే ఇచ్చాను, సంచీలో కాస్త చూస్తూ ఉండు."

తపాలా సంచీ తెచ్చేది కోల్మనే. ఉత్తరం సోమవారమే వచ్చింది.

ఒక్క పూట ఆగి ఇద్దామనుకుని సీటు కింద పెట్టాడు. సాయంత్రం ఆమె "ఏమైనా వచ్చిందా?" అంటే, "ఇంకా లేదు" అన్న మాట దానంతటదే జారిపోయింది. మంగళవారం ఇవ్వాలంటే సోమవారం అబద్ధం ఒప్పుకోవాలి. బుధవారం ఇవ్వాలంటే రెండు ఒప్పుకోవాలి. గురువారానికి వాళ్ళమ్మ చేసిన సోడా రొట్టె కూడా ముట్టలేదు. సీటు కింద ఉన్నది కాగితమా, కొలిమిలోంచి తీసిన ఇనప ముక్కా అన్నట్టు కూర్చోలేకపోయాడు.

శుక్రవారం పొద్దున కార్గమోర్ రేవు బడికి బయల్దేరారు. వాన. ఆ ఊరి వానకి పైనుంచి పడటం ఒక్కటీ చాలదు, పక్కనుంచీ కిందనుంచీ కూడా పడుతుంది. డెర్వ్‌లా కిటికీవైపు తిరిగి కూర్చుంది.

"ఇవాళ కూడా లేదు కదూ."

కోల్మన్ గేరు మార్చాడు. అవసరం లేకపోయినా మార్చాడు.

"ఇక రాదులే," అందామె. "నావి పిచ్చిగీతలని నాకెప్పుడూ అనుమానమే. ఇప్పుడు తేలిపోయింది."

ఆ మాట అతనికి ముల్లులా దిగింది. అయినా బండి ఆపలేదు.

ఆవేళ కథ సముద్రపు పిల్లది. జాలరి ఒకడు బండ మీద తల దువ్వుకుంటున్న సముద్రపు పిల్లని చూస్తాడు. ఆమె ఎర్ర శాలువా పక్కనే ఉంటుంది. అది లేకపోతే ఆమె నీళ్ళలోకి పోలేదు. వాడు దాన్ని ఎత్తుకుపోయి ఇంటికప్పు గడ్డిలో దోపేస్తాడు. పాపం, ఆమె వాడి వెంట నడిచి వెళుతుంది.

కోల్మన్ అక్కడిదాకా చెప్పాడు. గోడ గడియారం పదకొండూ నలభై చూపిస్తోంది. ముందు వరసలో మూరిన్ అనే ఏడేళ్ళ పిల్ల చెయ్యెత్తింది.

"దాచేముందు వాడు ఆమెని అడిగాడా?"

"ఏమని?"

"ఉండిపోతావా అని."

"లేదు."

"ఎందుకని?"

"భయంవేసి."

"ఆమె కొడుతుందనా?"

పిల్లలు నవ్వారు. కోల్మన్ నవ్వలేదు. "కాదు. ఉండనంటుందేమోనని."

మూరిన్ చెయ్యి దించలేదు. "మరి ఆమె ఊరికే వెతుక్కుంటూ ఉంటుందిగా, ఎక్కడ పోయిందో అని. వాడు చూస్తూ ఎలా ఉండగలిగాడు?"

డెర్వ్‌లా పేజీ అంచు పట్టుకుని ఎదురుచూస్తోంది. అతని చెయ్యి మోకాలి మీదికి రాలేదు. లేచి, తలుపు తీసుకుని, వానలోకి వెళ్ళిపోయాడు.

"కథ అయిపోయిందా మిస్?" ఎవరో టూహీ టీచరుని అడిగారు.

అతను తిరిగొచ్చేసరికి కోటు నీళ్ళు కారుతోంది, చేతిలో ఉత్తరం మాత్రం పొడిగా ఉంది. పిల్లలందరి ముందూ డెర్వ్‌లా ఒళ్ళో పెట్టాడు.

"సోమవారం వచ్చింది," అన్నాడు. "నేనే దాచాను."

ఆమె కవరు వైపు చూసింది. గడియారం వైపు చూసింది. అతని వైపు చూడలేదు. చింపి చదివింది.

"చిల్లరుందా టీచర్?"

టూహీ టీచరు బల్ల సొరుగు తీసి గుప్పెడు నాణాలిచ్చింది. డెర్వ్‌లా గుమ్మం దగ్గర ఆగింది.

"పిల్లల్ని సగంలో వదలకు. కథ పూర్తి చెయ్యి."

ఫోన్ బూత్ రేవు చివర ఉంది. కోల్మన్ కిటికీకి ఎదురుగా కూర్చుని కథ చెబుతూనే ఉన్నాడు. ఆమె పరిగెత్తడం కనిపించింది. బూత్‌లో ఒక ముసలి జాలరి ఉండటం కనిపించింది. ఆయన టోపీ సర్దుకుని, కూతురితోనో కోడలితోనో తీరిగ్గా మాట్లాడుతున్నాడు. పన్నెండుకి తొమ్మిది నిమిషాలు. కథలో జాలరిని పెళ్ళాడి పిల్లల్ని కన్న సముద్రపు పిల్లకి శాలువా దొరికింది. పన్నెండుకి ఆరు. ఆమె తన పిల్లల్ని ముద్దుపెట్టుకుని నీళ్ళలోకి నడిచింది. డెర్వ్‌లా బూత్ తలుపు దడదడా బాదింది. పన్నెండుకి నాలుగు నిమిషాలుండగా ముసలాయన బయటికొచ్చాడు.

"మళ్ళీ వచ్చిందా?" అంది మూరిన్.

"పిల్లల కోసం వచ్చేది. వాడికి మాత్రం కనిపించలేదు."

"మంచిపని అయింది," అంది మూరిన్.

పన్నెండు గంట కొట్టింది. పిల్లలు రొట్టెల డబ్బాలు తెరిచారు. కోల్మన్ వ్యాను దగ్గరికెళ్ళి, లోపల కూర్చునే అర్హత లేనట్టు బయటే తడుస్తూ నిలబడ్డాడు. చాలాసేపటికి డెర్వ్‌లా వచ్చింది.

"ఫోన్‌లో దొరికారా?" అన్నాడు.

"రెండు నిమిషాలు మిగిలాయి. సెప్టెంబరులో చేరాలి."

అతను కళ్ళు మూసుకుని ఊపిరి వదిలాడు. ఆమె గమనించింది. ఆ ఒక్క ఊపిరి లేకపోతే ఆమె నడిచే ఇంటికి పోయేది.

"నాలుగు రోజులు నావి పిచ్చిగీతలే అనుకున్నాను, కోల్మన్."

"తెలుసు. పొద్దున విన్నాను. విని కూడా బండి నడిపాను."

"ఇప్పుడు అడుగు."

"ఏమని?"

"ఆ కథలో వాడు అడగనిది."

వాన అతని ముక్కు చివరనుంచి కారింది. "ఉండిపోతావా, డెర్వ్‌లా?"

"ఉండను."

ఆ మాటకి భయపడే కదా ఇంత పనీ చేశాడు. తీరా వింటే కాళ్ళు విరగలేదు, సముద్రం మీదికి పొంగిరాలేదు. రేవు రేవులాగే ఉంది.

"నీ దగ్గర ఒక్క ప్రశ్నేనా ఉంది?" అంది ఆమె, పెన్సిలు తీసి తడిజుట్టు పిండుకుంటూ.

కోల్మన్ తలెత్తాడు. "నేను... డబ్లిన్ వస్తూ ఉండొచ్చా?"

"శనివారాల్లో. మొదటి రెండు శనివారాలూ నీతో మాట్లాడను. అప్పటికీ కోపం మిగిలే ఉంటుంది."

"మాట్లాడకపోయినా వస్తాను."

"వచ్చి ఏం చేస్తావు?"

"ఎదురుగా కూర్చుంటాను."

డెర్వ్‌లా వ్యాను తలుపు తెరిచి ఎక్కింది. అతను వానలోనే ఉండిపోతే, వంగి అవతలి తలుపు కూడా ఆమే తెరిచింది.