క్లెయిమ్ వద్దన్న కొడుకు

కాటమ్మ పొయ్యి మీద టీ పెట్టిందో లేదో, సైదయ్య వాకిట్లో పంచాయితీ మొదలుపెట్టాడు. ఎదురుగా మనిషెవరూ లేరు. గోడకు ఒరిగిన మోటార్ సైకిలొక్కటే ఉంది. ముందు చక్రం వంకరపోయింది, ట్యాంకు సొట్టబడింది. ఏటేటా ఇన్సూరెన్స్ కట్టింది దేనికి, కంపెనీవాళ్ల పిల్లల పెళ్లిళ్లకా అని ఆయన ఆ బండినే నిలదీశాడు. లోపల మంచం మీదున్న కొడుక్కి వినపడాలనే ఆ గొంతు.

కొడుకు నాగేందర్ మఠంపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చేస్తాడు. మొన్న రాత్రి డ్యూటీ దిగి వస్తూ, ఇంకా తెల్లవారకముందే ఊరి బయట పడిపోయాడు, కాలువ వంతెన దగ్గరని చెప్పాడు. కుడి మణికట్టు విరిగింది. సూర్యాపేట దవాఖానలో కట్టు వేసి, ఆ చెయ్యి ఇక మునుపటిలా బరువులు ఎత్తకపోవచ్చని చెప్పి పంపారు. ఆ మాట విన్న దగ్గర్నుంచీ ఇంట్లో ఎవరికీ ముద్ద దిగడం లేదు. కట్టు విప్పాక మళ్లీ డ్యూటీకి పోవాలంటే బండి కావాలి. అది ఎలా బాగవుతుందన్నదే ఇప్పుడు గొడవ.

హుజూర్‌నగర్‌లో ఇన్సూరెన్స్ చేసిన స్టీఫెన్ ఫోన్‌లో అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పాడు. బండిని మిర్యాలగూడ షోరూముకు చేర్చాలి. కంపెనీ మనిషి వచ్చి చూస్తాడు, ఎక్కడ ఎలా పడ్డాడో రాసుకుంటాడు, ఆ చోటు కూడా చూస్తానంటాడు. అంతకుముందు ఒక్క బోల్టు విప్పినా క్లెయిమ్ రాదు. సైదయ్యకు ఇందులో కష్టమేమీ కనిపించలేదు. నాగేందర్ మాత్రం వద్దంటే వద్దన్నాడు. కోదాడలో తెలిసిన మెకానిక్ ఉన్నాడట, తనే బాగు చేయించుకుంటాడట. ఎందుకురా అని అడిగితే గోడవైపు తిరిగి పడుకున్నాడు.

దాచడానికి ఏదో ఉంటేనే మనిషి అలా తిరుగుతాడు. తాగి పడ్డాడు, అంతే అని సైదయ్య తేల్చేసుకున్నాడు. ఆయన తండ్రి తాగుడుతోనే పోయాడు. తాను జన్మలో కల్లు కూడా ముట్టలేదు, కొడుక్కి ఆ వాసన తగలనివ్వలేదు. తీరా ఇప్పుడు ఆ దరిద్రం వెనక దారిన ఇంట్లోకి వచ్చిందా అని ఆయన గుండె రగిలిపోతోంది.

టీ గ్లాసులు ఇంకా ఖాళీ కాలేదు, బీరన్న ట్రాలీ ఆటో వచ్చి ఇంటిముందు ఆగింది. బండిని కోదాడకు వేసుకుపోవడానికి నాగేందరే పిలిపించాడట. సైదయ్య వెళ్లి బండికి అడ్డంగా నిలబడ్డాడు. నాగేందర్ మెడకు వేలాడేసిన చేత్తో బయటికి వచ్చాడు.

"నాయినా, జర పక్కకు జరుగు."

"ఎక్కితే మిర్యాలగూడకే ఎక్కుతది. లేకుంటే గీడ్నే తుప్పు పడ్తది. తాగి పడ్డనని నీ నోటితోని చెప్పు, జరుగుత."

నాగేందర్ తలొంచుకున్నాడు. "సరే, తాగిన. ఇగ జరుగు," అన్నాడు.

సైదయ్య చెయ్యి లేచింది. విరిగిన చెయ్యి ఉన్నవాణ్ణి కొట్టబోతున్నాననే సోయి కూడా లేదు. కోడలు అశ్విని ఉరికొచ్చి మధ్యలో నిలబడింది.

"ఆయన సుక్క ముట్టలే మామా. మన రాళ్లకు తాకి పడ్డడు."

నాగేందర్ ఆమెను లోపలికి పొమ్మన్నాడు. ఆమె కదల్లేదు.

వరి కోతలైతే ఈ వైపు తారురోడ్డే కల్లం. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు, బండ్లు తొక్కకుండా చుట్టూ రాళ్లు పేరుస్తారు. రాళ్ల వల్ల ఎవరైనా పడితే ఆ రైతు మీదే కేసని పోలీసులు ఊళ్లో మైకు పెట్టి చెప్పి పోయారు. సైదయ్య కూడా విన్నాడు, విని ఊరుకున్నాడు. కొడుకు పడ్డ ముందురోజు సాయంత్రం మబ్బు పట్టింది. ఆయనా కాటమ్మా ఆదరాబాదరాగా వడ్లు బస్తాలకెత్తి కొనుగోలు సెంటర్‌కు చేర్చారు. రాళ్లు పొద్దున తీద్దాంలే అనుకున్నారు. తెల్లారేసరికి కొడుకు పడ్డాడన్న కబురే వచ్చింది, ఆ హడావిడిలో రాళ్ల సంగతే మరిచిపోయారు.

"కాలువ వంతెన కాడ పడ్డననే గదరా చెప్పినవ్?" సైదయ్య కొడుకును అడిగాడు.

అశ్వినే చెప్పింది. పడగానే తనకే ఫోన్ చేశాడట. తను పోయేసరికి చెయ్యి వేలాడుతున్నా, ముందు ఆ రాళ్లన్నీ కాలువలో పడెయ్యి, మా నాయిన చూస్తడు అన్నాడట. అన్నీ పడేసేదాకా లేవనంటే లేవలేదట. కంపెనీ మనిషి వస్తే చోటు చూపించాలి, ఊళ్లో ఎవరో ఒకరు నోరు జారుతారు, అందుకే క్లెయిమ్ వద్దన్నాడట. చెబుతూ చెబుతూ ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సైదయ్య అరుగు మీద కూలబడ్డాడు.

"కేసైతే కానియ్యక పోయినవురా. నోటికొచ్చినట్టు తాగుబోతువని అంటి గదరా నిన్ను."

"అంటే అన్నవ్ నాయినా. ఆ కోపం నీకు రెండు దినాలుంటది, పోతది. ఇది తెలిస్తే పోతదా? నా చెయ్యి చూసినప్పుడల్లా నీ పానం కొట్టుకుంటది."

సైదయ్య కండువాలో ముఖం దాచుకుని పసిపిల్లాడిలా ఏడ్చాడు. కాటమ్మ గడప దగ్గరే చతికిలబడింది. రాళ్లు పొద్దున తీద్దామన్నది తానేనని తలుచుకుని ఆమె కుమిలిపోయింది. బీరన్న ఎటు చూడాలో తెలియక ఆటో చక్రం వంక చూస్తూ నిలబడ్డాడు.

కాసేపటికి సైదయ్య లేచి బండి వెనక పట్టుకున్నాడు. మిర్యాలగూడకే పోనియ్యమని బీరన్నకు చెప్పాడు. కేసు పెడతారని కాటమ్మ భయపడితే, ఆయన ఆమె వైపు తిరిగి నెమ్మదిగా అన్నాడు.

"పెట్టనియ్యి. రాళ్లు నావేనని నేనే చెప్త. మనోడు కాబట్టి దాచిండు. ఇంకెవలన్న పడి సచ్చిపోతే గాళ్ల ఇంట్ల ఏం చెప్పేటోన్ని?"

క్లెయిమ్ వస్తుందో రాదో ఎవరికీ తెలియదు. ఆ చెయ్యి మునుపటిలా అవుతుందో లేదో అంతకన్నా తెలియదు. ఆటోలో డ్రైవర్ పక్కన తండ్రీకొడుకులు ఇరుక్కుని కూర్చున్నారు. రోడ్డంతా గుంతలు. నాగేందర్ వద్దంటున్నా వినకుండా సైదయ్య ఆ కట్టు చేతిని తన ఒళ్లోకి తీసుకుని, గుంత వచ్చినప్పుడల్లా కదలకుండా రెండు చేతులతో పొదివి పట్టుకున్నాడు.