ఫ్యాను వేసినవాడు

"ఇదేనా రావడం? అందరూ సర్దుకుని కూర్చున్నాక?" అంది ఆమె, పక్క కుర్చీ మీది సంచి తీసి ఒళ్లో పెట్టుకుంటూ.

"లిఫ్టులో మనుషులు ఇరుక్కుపోయారు. వాళ్లనలాగే వేలాడదీసి రమ్మంటావా?" అన్నాడు అతను గుసగుసగా.

అతను లిఫ్ట్ మెకానిక్. ఆమె పళ్ల డాక్టరు దగ్గర నర్సు. ఆ బిల్డింగులో లిఫ్టు మాటిమాటికీ మొరాయించిన పుణ్యమా అని పరిచయమయ్యారు. పెద్దమ్మ తనకో బ్యాంకు ఆఫీసరు సంబంధం తెచ్చిందనీ, ఈ సాయంత్రంలోగా ఏదో ఒకటి చెప్పాలనీ నిన్న ఆమె అతనితో అంది. ఇన్నాళ్లూ వానల గురించీ వైర్ల గురించీ తెగ మాట్లాడిన మనిషికి అసలు మాట మాత్రం గొంతు దాటలేదు. మగాళ్లలో సగంమంది ఇలాగే చెడిపోయారు.

కచేరీ జరిగేది కళ్లజోళ్ల షాపు మీది చిన్న గదిలో. మోకాళ్లు తగిలేంత దగ్గరగా కూర్చున్న ఫ్లూటావిడ నెమ్మదిగా ఒక రాగం ఎత్తుకుంది. అది ఎప్పుడు జాజ్‌లోకి జారిందో, అక్కణ్నుంచి నాట్ల పాటలోకి ఎప్పుడు దూకిందో తెలిసేలోపే అందరి పాదాలూ ఆడుతున్నాయి.

అతనికవేవీ వినబడలేదు. వాన జల్లుకి కిటికీలు మూసేశారు. ఆమె కణత మీంచి ఓ చెమట చుక్క తీరిగ్గా చెవి దాకా నడిచి వెళ్లింది. స్విచ్చు అతని మోచేతి దగ్గరే ఉంది. నొక్కాడు.

ఫ్యాను తిరిగింది. పాట తెగిపోయి, ఉఫ్ ఉఫ్ మని గాలి మాత్రం మిగిలింది.

"గాలి తగిలితే ఫ్లూటు పలకదు, ఫ్యాను వేయొద్దని మొదట్లోనే చెప్పానుగా. ఎవరండీ వేసింది?" అందావిడ.

ఆ మాట చెప్పినప్పుడు అతనింకా లిఫ్టు దగ్గరే ఉన్నాడు. గబుక్కున ఆపేశాడు. తలలన్నీ ఇటు తిరిగాయి.

ఆమె లేచి నిలబడింది. "నేనే వేయమన్నానండీ. ఉక్కపోస్తుంటేనూ."

"మీ ఆయనా?"

"ఇంకా కాలేదండీ. అడిగితే కదా."

గదంతా గొల్లుమంది. "అయితే అడగవయ్యా, ఈలోపు నేనూ కాస్త ఊపిరి పీల్చుకుంటాను," అంది ఫ్లూటావిడ.

"ఇంతమందిలోనా?" అన్నాడతను, ఆమెకేసి దీనంగా చూస్తూ.

"ఇద్దరమే ఉన్నప్పుడు తెగ అడిగావు మరి."

అతను లేచాడు. కుర్చీ పడిపోయింది. "ఆ ఆఫీసరొద్దు. నన్ను చేసుకో."

"సరే. కూర్చో, వెనకవాళ్లకి అడ్డం."

కచేరీ అయ్యాక మెట్ల మీద నిలబడి ఆమె పెద్దమ్మకి ఫోన్ చేసింది. పెద్దమ్మ గొంతు అతనికీ వినిపించింది.

"ఇప్పటికి నోరు తెరిచాడా ఆ లిఫ్టబ్బాయి? రేపు భోజనానికి తీసుకురావే. ఆఫీసరా? వాళ్లకి పోయిన వారమే వద్దని చెప్పేశాం కదే."

అతను ఆమెకేసి చూశాడు. "మరి ఈ సాయంత్రంలోగా అన్నావు?"

"అనకపోతే, నాకు జుట్టు నెరిసేదాకా వైర్ల గురించే చెప్తావు," అని ఆమె గొడుగు విప్పి, అతని చేతికిచ్చి, తనూ దాని కిందకి దూరింది.