పిలుపుల బావి

పెనుకొండ నుంచి సోమందేపల్లికి వచ్చే దారిలో ఒక దిగుడు బావి ఉండేది. దాన్ని పిలుపుల బావి అనేవారు. పొద్దు గూకాక ఆ పక్కకు పోతే, లోపలి నుంచి ఎవరో పేరు పెట్టి పిలుస్తారట... పలికితే అంతే. నీళ్ళ అడుగున గోడలో ఒక సొరంగం ఉంది. అందులోకి దూరిన ఈతగాళ్ళు ఇద్దరు మళ్ళీ పైకి రాలేదు. ఇంత చెడ్డపేరు ఉన్నా ఆ నీళ్ళు తాగడం మాత్రం ఎవరూ మానలేదు లెండి. కరువుసీమలో దెయ్యాలకు అంత మర్యాద జరగదు.

అరవైల్లో ఒక ఎండాకాలం. బావి సొంతదారు సంజీవప్ప కొత్తగా ఆయిల్ ఇంజను పెట్టాడు. వారం తిరక్కుండానే పైపు అడుగుకొనన నీళ్ళు జారిపోకుండా ఆపే ఫుట్‌వాల్వు ఊడి, నేరుగా ఆ సొరంగం నోట్లోకి జారింది. రాగిమడి ఎండిపోతోంది. కనగానపల్లి నుంచి తిప్పేస్వామిని పిలిపించాడు.

తిప్పేస్వామి బావుల్లో పడ్డ బిందెలూ కడవలూ తీసే మనిషి. ఊపిరి బిగబట్టి మునిగాడంటే, ఒడ్డున ఉన్నవాళ్ళు చుట్ట కాల్చి పారేసేదాకా పైకి రాడు. నోరు మాత్రం అంతసేపు మూసుకోలేడు. "దెయ్యాలు ఈత రానోళ్ళకప్పా, నాకు గాదు" అనేవాడు.

బస్సు దిగి వచ్చేసరికి పొద్దు గూకింది. సంజీవప్ప పెట్రోమాక్సు వెలిగించి పెట్టుకున్నాడు. తిప్పేస్వామి వెంట వచ్చిన అతని భార్య అంజినమ్మ మెట్ల మీదే మొగుడి చెయ్యి పట్టుకుంది.

"వద్దయ్యా... ఈడ పేరు పెట్టి పిలుస్తాదంట."

"దెయ్యం రెండుసార్లకు మించి పిలవదే. మూడోసారి పిలిస్తే మనిషే. అప్పుడుగానీ పలకను, సరేనా?"

ఆ మాట ఆ సీమలో పసిపిల్లలకు కూడా తెలుసు. ఆమె చెయ్యి వదిలింది.

తాడు కొన పట్టుకొని మునిగాడు. సొరంగంలోకి దూరి తడిమితే — వాల్వు దొరికింది. తాడు దానికి కట్టి, పైకి లాగమని గట్టిగా గుంజాడు. బిందెలు తీసేవాళ్ళ పద్ధతి అదే. తాడు సామానుకు, మనిషి తనంతట తనే పైకి. బావిలో అది సరిపోతుంది. ఇది బావి కాదు, సొరంగమని, వాల్వు బురద రేపుకుంటూ వెళ్ళిపోయాక గానీ అతనికి తెలిసి రాలేదు.

వచ్చిన దారి ఎటుందో...

ఇటు తడిమితే రాయి. అటు తడిమితే రాయి. రొమ్ము పగిలిపోతుందనుకున్నప్పుడు తల పైకప్పుకు కొట్టుకుంది. అక్కడ నీటికీ రాతికీ మధ్య జానెడు గాలి! మూతి పైకెత్తి పీల్చాడు. అంతా కటిక చీకటి. పైన సంజీవప్ప ఈపాటికి వాల్వును చూసి మురిసిపోతుంటాడు. మనిషి సంగతి ఎప్పటికి గుర్తొస్తుందో! తిప్పేస్వామికి బతుకు మీద తీపి పుట్టి ఏడుపొచ్చింది.

గాలి వేడెక్కుతోంది. అప్పుడు వినిపించింది.

"తిప్పేస్వామీ..."

ఆడగొంతు. కుడిపక్క నుంచి. పళ్ళు బిగబట్టాడు.

"తిప్పేస్వామీ..."

అచ్చం అంజినమ్మ గొంతే. అయినా పలకలేదు. ఊపిరి కురచబడింది. ఇంకొక్కసారి పిలువు తల్లీ, అని లోలోపల మొక్కాడు. తిరునాళ్ళకు పోయి కూడా బొరుగులు తిని వచ్చే మనిషి, మొక్కడం అదే మొదలు.

నిశ్శబ్దం...

"తిప్పేస్వామీ!"

"ఓయ్! వస్తాండా!" అని అరిచి, ఆ గొంతు వచ్చిన వైపే మునిగాడు. రాయి తగల్లేదు... ఇంకా తగల్లేదు... పైన పెట్రోమాక్సు వెలుతురు!

మెట్ల మీదికి లాగారు. "బతికినావప్పా! ఇంగ ఇంజను ఎక్కించొచ్చా?" అన్నాడు సంజీవప్ప.

అంజినమ్మ కూలబడి, కొంగు నోట్లో కుక్కుకొని ఏడుస్తోంది. ఆమెను చూడగానే తిప్పేస్వామికి ప్రాణం లేచొచ్చింది. వెంటనే నోరూ లేచింది.

"ఏమే, ఊరంతా వినేట్లు మొగుని పేరు పెట్టి పిలుస్తావా? పోనీలే... మూడోసారీ పిలిచినావు గాబట్టి బతికినా."

అంజినమ్మ ఏడుపు ఆగిపోయింది.

"నేనా? నీ పేరు నా నోట ఏనాడన్నా వచ్చిందా? ఏమయ్యో, ఏమయ్యో అని మొత్తుకుంటాండా, అంతే."

తిప్పేస్వామి సంజీవప్ప వైపు చూశాడు.

"ఈ బావికాడ ఎవురన్నా పేరు పెట్టి పిలుస్తారా అప్పా? నేనైతే నోరే తెరవలా" అన్నాడతను.

తిప్పేస్వామి నీళ్ళలో ఉన్న కాళ్ళు మెల్లగా పైకి తీసుకున్నాడు. పెండ్లాం చెవి దగ్గర గొంతు తగ్గించి అడిగాడు —

"మరి... నేను పలికింది ఎవురికే?"