మడ్డిగుంట దగ్గర ఆగిన ఎక్స్‌ప్రెస్

తోళ్ల కార్ఖానా వెనక మడ్డిగుంట పక్కన ఇంజన్లకి నీళ్లు పట్టే స్తంభం ఒకటుండేది. పొద్దుగూకాక ఆ స్తంభం దగ్గర ఏ డ్రైవరూ ఒంటరిగా కిందికి దిగేవాడు కాదు.

దిగక తప్పకపోతే ఇంజన్‌లో బొగ్గు వేసే ఫైర్‌మన్‌ని తోడు పిలిచేవాడు. ఫైర్‌మన్ కూడా రానంటే, ఉన్న నీళ్లతోనే ఎలాగోలా పక్క స్టేషన్ దాకా ఈడ్చుకుపోయేవాడు. స్తంభానికున్న ఇనప చక్రం దానంతటదే తిరుగుతుందనీ, తోలు గొట్టంలోంచి ఎవరో మూలుగుతారనీ, తెల్లారి చూస్తే స్తంభం కింది దిమ్మ మీద తడి పాదాల గుర్తులుంటాయనీ చెప్పుకునేవారు. ఎవరు చూశారయ్యా అంటే మాత్రం... చూసినవాడు ఎప్పుడూ బదిలీ అయి వెళ్లిపోయి ఉండేవాడు.

సరే, దెయ్యం సంగతి కాసేపు పక్కన పెట్టండి. ముందు ఆ కంపు సంగతి.

కార్ఖానాలో తోళ్లకంటుకున్న మాంసం, కొవ్వు, వెంట్రుకలు గీకేసి, ఆ కడుగు నీళ్లన్నీ ఆ గుంటలోకి వదిలేవారు. ఏళ్ల తరబడి వదిలారు. అది నీళ్లూ కాదు, బురదా కాదు — గోధుమరంగు జిగురు. పైన మీగడలా తెట్టు కట్టి, బుడగలు పోసి, నెమ్మదిగా పగిలేది. ఆ వాసన బట్టలకి పట్టేది, జుట్టుకి పట్టేది, నోట్లో పెట్టుకునే ముద్దకీ పట్టేది. గూడ్సు బళ్లు తప్ప ఇంకేవీ నడవని ఆ చిన్న లైనుని రైల్వేవాళ్లే 'కంపు లైను' అనేవారు.

అక్కడి పాయింట్స్‌మన్‌కి ముక్కాయన అని పేరు పడిపోయింది. పట్టాలు మార్చే మీట లాగడం, వచ్చిన ఇంజన్‌కి నీళ్లు దగ్గరుండి పట్టించడం అతని పని. ఆ పని చేస్తున్నంతసేపూ ముక్కుకి గుడ్డ కట్టుకునే ఉండేవాడు. ఎంతమంది వెక్కిరించినా విప్పేవాడు కాదు. మిగతావాళ్లకి కొన్నాళ్లకి ముక్కు మొద్దుబారిపోయేది. అతనికి మాత్రం ఆ కంపు రోజూ కొత్తే. దానికి కారణం లేకపోలేదు. ఆ గుంటలో దిగి, చేతులు పెట్టి దేవిన మనిషి అతనొక్కడే.

మూడేళ్ల కిందటి మాట. అతని బావ, అంటే సొంత అక్క మొగుడు, ఆ లైన్లోనే గూడ్సు ఇంజన్ మీద ఫైర్‌మన్. ఒక రాత్రి డ్యూటీ దిగి ఇంటికి రాలేదు. పొద్దున చూస్తే గుంట గట్టు మీద అతని కోటు, పక్కన బూట్లు. మనిషి లేడు. పోలీసులొచ్చి, ముక్కులు మూసుకుని, గట్టు మీంచే తొంగిచూసి వెళ్లిపోయారు. అందులోకి దిగేదెవరు?

ముక్కాయన దిగాడు. నడుములోతు. పొడుగాటి గెడతో, గెడ అందనిచోట చేతులతో, రోజుల తరబడి దేవాడు. వేళ్లకి ఏదో మెత్తగా తగిలేది... పైప్రాణాలు పైనే పోయేవి... పట్టుకుని లాగితే కుళ్లిన తోలుముక్క. కక్కుకుని, మూతి తుడుచుకుని, మళ్లీ దిగేవాడు. మోచేతుల దాకా చర్మం పొరలు పొరలుగా ఊడింది. బావ మాత్రం దొరకలేదు. ఆ జిగురు మనిషిని ఎముకలతో సహా అరిగించేసుకుంటుందని కార్ఖానావాళ్లు తేల్చి చెప్పేశారు.

స్తంభం దగ్గర దెయ్యం తిరగడం ఆ తర్వాతే మొదలైంది.

అందరూ భయపడ్డారు, అక్క ఒక్కతే మొగుడే వస్తున్నాడని సంతోషించింది. బావకి నీళ్లు పట్టాక స్తంభం దిమ్మ మీద కూర్చుని టీ తాగే అలవాటుండేది. అందుకని రోజూ చీకటి పడగానే అతని సొట్ట మగ్గు నిండా టీ పోసి, మూత పెట్టి, తమ్ముడి చేతికిచ్చేది. "దిమ్మ మీద పెట్టిరారా, చల్లారకముందే పెట్టు" అనేది. ముక్కాయన పెట్టేవాడు. డ్యూటీ దిగేటప్పుడు ఆ టీ పట్టాల పక్కన పారబోసి, ఖాళీ మగ్గు ఇంటికి తెచ్చేవాడు.

"తాగాడా?"

"తాగాడక్కా."

ఆ మాట అన్న ప్రతిసారీ అతనికి తన మీద తనకే రోత పుట్టేది. అయినా ఆ మొహం చూస్తూ లేదని చెప్పడానికి నోరు రాలేదు.

అక్కడితో పోతే బాగానే ఉండేది. సిగ్నల్ దీపాలకి నూనె పోసి వెలిగించే మనిషి ఒకాయన ఉన్నాడు, అందరూ దీపాలాయన అనేవారు. నెమ్మదస్తుడు. భార్య పోయి చాన్నాళ్లైంది. మీ అక్కకి ఇష్టమైతే పెళ్లి చేసుకుంటానని ముక్కాయనతో నసుగుతూ నసుగుతూ చెప్పాడు. అక్కకీ ఇష్టం లేకపోలేదు. అతని సైకిల్ గంట వినపడితే చాలు, చెయ్యి జుట్టు సరిచేసుకోవడానికి పోయేది. కానీ కదిపితే ఒకటే జవాబు.

"ఆయన ఇంకా అక్కడే తిరుగుతున్నాడు కదరా. నేను పంపిన టీ తాగి పోతున్నాడు. ఆయన కళ్ల ముందే ఇంకొకర్ని ఇంట్లోకి ఎలా రానివ్వను?"

జాలిపడి ఆడిన అబద్ధం అక్క మెడకే గుదిబండైంది. దాన్ని ఎలా విప్పాలో ముక్కాయనకి పాలుపోలేదు.

ఆ రోజు సాయంత్రం నుంచీ సన్నగా జల్లు పడుతోంది. జల్లు పడితే కంపు పైకి పోదు, నేలకి అణిగి ఇంకా చిక్కబడుతుంది. చీకటి పడ్డాక స్టేషన్ మాస్టరు ఫోను పెట్టేసి కేకేశాడు.

"మెయిన్ లైన్లో వంతెన దగ్గర ఏదో బండి పట్టాలు తప్పిందట. ఇంకోదాన్ని మనవైపు మళ్లించారు. నీళ్లు కావాలట, పద."

ఏం బండో చెప్పలేదు. ముక్కాయన ఒక చేత్తో లాంతరు, ఒక చేత్తో మగ్గు పట్టుకుని బయల్దేరాడు. మగ్గు దిమ్మ మీద పెట్టి, పది గజాలు ఇవతలికొచ్చి నిలబడ్డాడు.

ముందు చప్పుడొచ్చింది.

గూడ్సు ఇంజన్లు దగ్గుతూ, ఆయాసపడుతూ వస్తాయి. ఇది అలా లేదు. మెత్తగా... బరువుగా... ఊపిరి బిగబట్టుకుని వస్తున్నట్టుంది. గుంట ఒడ్డున ఒక మలుపుంది, చీకట్లో కొత్తవాళ్లకి అస్సలు కనపడదు. సరిగ్గా ఎక్కడ వేగం తగ్గించాలో అక్కడే తగ్గింది.

జల్లులోంచి అది బయటికొచ్చింది. మనిషెత్తు చక్రాలు. నిగనిగలాడే ఆకుపచ్చ ఒళ్లు, ఇత్తడి అంచులు, వెనక దీపాలు వెలుగుతున్న కిటికీలు బారుగా. రెండు మహానగరాల మధ్య మెయిన్ లైన్ మీద తప్ప ఇంకెక్కడా తిరగని ఎక్స్‌ప్రెస్ ఇంజన్. ముక్కాయన దాన్ని క్యాలెండర్ బొమ్మలో తప్ప చూడలేదు. పట్టాల మీదికి పొంగిన మడ్డి ఆ మెరిసే చక్రాలకి చప్పున అంటుకుంది. పెట్టెల కిటికీలు ఒక్కొక్కటే టపటపా మూసుకున్నాయి. లోపల ఎవరో భళ్లున వాంతి చేసుకున్నారు.

పెద్దవయసు డ్రైవరు నూనె డబ్బా పట్టుకుని దిగాడు.

"ఏం కంపు నాయనా ఇది. మనుషులుంటారా ఇక్కడ?"

"ఉంటామండి. దారి తెలిసినవాడు లేకుండా ఇటెలా వచ్చారు?"

కొత్త లైన్లోకి వచ్చే బండి ఆ దారి తెలిసిన డ్రైవర్ని ఒకణ్ని ఎక్కించుకోవాలి, అది రైల్వేలో కట్టుబాటు. డ్రైవరు వెనక్కి ఓసారి చూసి గొంతు తగ్గించాడు.

"ఎవరూ దొరకలేదు. పాకుతూ పోదామనుకున్నా. మా ఫైర్‌మన్ ఉన్నాడు చూడు... ఇక్కడ తగ్గించండి, ఇక్కడ గేటుంది, ఇక్కడ మలుపుంది... అన్నీ ముందే చెప్పాడు. తల బయటికి పెట్టకుండానే. ఇటెప్పుడొచ్చావురా అంటే ఉలకడు పలకడు."

అనేసి ఇంజన్ ముందువైపు పోయాడు.

ఇంజన్ వెనక బొగ్గూ నీళ్లూ మోసే టెండరు ఉంటుంది. దాని మీద ఒక ఆకారం కదిలింది. తోలు గొట్టాన్ని లోపలికి దించింది. కిందికి దిగింది. మొహానికి అడ్డంగా తెల్లటి చేతిరుమాలు కట్టుకునుంది. స్తంభం వైపు నడిచింది.

ఆ స్తంభానికి చక్రం బిగించిన మహానుభావుడెవడో తిరగేసి బిగించాడు. ఎక్కడైనా ఎడమకి తిప్పితే నీళ్లొస్తాయి, అక్కడ కుడికి తిప్పాలి. అదీ ముందు దిమ్మని మడమతో తన్నితేనే కదుల్తుంది. కొత్తవాడెవడొచ్చినా ఎడమకి తిప్పి తిప్పి, చెమటలు కక్కి, అమ్మనాబూతులు తిట్టి, చివరికి ముక్కాయన్ని పిలవాల్సిందే. ఆ పిలుపు కోసమే అతను చూస్తున్నాడు.

పిలవలేదు.

ఆకారం అరచేతుల్లో తుపుక్కున ఉమ్ముకుంది. ఎడమకాలి మడమతో దిమ్మని తన్నింది. ఒకటి... రెండు... చక్రం పట్టుకుని కుడికి తిప్పింది. గొట్టంలో నీళ్లు బుస్సుమన్నాయి.

ఆ ఉమ్ముకోవడం, ఆ ఎడమ మడమ... ముక్కాయన ఏళ్ల తరబడి రోజూ చూసిన తీరు. ఆ గుంటలో కలిసిపోయిన మనిషి తీరు. ముక్కుకున్న గుడ్డ ఎప్పుడు జారిపోయిందో కూడా తెలీలేదు.

ఆకారం ఇటు చూడలేదు. దిమ్మ మీద కూలబడింది. అలవాటుగా చెయ్యి పక్కకి చాపింది... వేళ్లకి మగ్గు తగిలింది. మూత తీసింది. రుమాలు గడ్డం కిందికి లాగి, ఒక గుక్క తాగింది.

అక్క చెప్పిందే నిజం. రోజూ వస్తున్నాడు. నేనే పాపిష్టివాణ్ని, నోటిదాకా వచ్చిన టీ మూడేళ్లు మట్టిపాలు చేశాను... ముక్కాయన కళ్లల్లో నీళ్లు గిర్రున తిరిగాయి.

అప్పుడు దెయ్యం మొహం చిట్లించింది.

"ఛ... ఇంకా చక్కెర తక్కువే," అంది.

ముక్కాయన నాలుగంగల్లో అక్కడికి పోయి లాంతరు పైకెత్తాడు. బావే. ఒళ్లు చేశాడు. మీసం తీసేశాడు. రుమాల్లోంచి సెంటు వాసన గుప్పుమంది.

"నువ్వా బామ్మర్దీ," బావ గుసగుసగా అన్నాడు. "అరిచేవు. మా డ్రైవరుకి నా సంగతి తెలీదు. అక్కడ నా పేరు వేరు."

"నువ్వు... గుంటలో..."

"ఆ గుంటలో ఎవడు దిగుతాడ్రా, పిచ్చా?" కిసుక్కున నవ్వాడు. "కోటూ బూట్లూ పెట్టి వెళ్లిపోయా. ఏం చెయ్యమంటావ్? పెద్ద ఇంజన్ ఎక్కాలని నాకెప్పట్నుంచో ఉంది. కంపు లైను మనిషంటే మెయిన్ లైన్‌వాళ్లు గుమ్మం తొక్కనివ్వరు. పాత మనిషి పోతే తప్ప కొత్త ఉద్యోగం రాదు. ఈ ఇంజన్ ఎలాగూ ఇటు రాదు కదా అని నిశ్చింతగా ఉన్నా. చూడు నా ఖర్మ."

ముక్కాయన తన చేతులు చూసుకున్నాడు. మోచేతుల దాకా తెల్లటి మచ్చలు.

"అక్క ఎలా ఉందని అడగవా?"

"బాగానే ఉండుంటుంది, టీ పెడుతోందిగా." మిగిలిన టీ నేలమీద ఒంపేసి మగ్గు పక్కన పెట్టాడు. "దానికి చెప్పకు. ఊరికే ఏడుస్తుంది. పోయాననే అనుకోనీ."

టెండరు నిండి నీళ్లు పొర్లాయి. బావ లేచి చక్రం ఎడమకి తిప్పి కట్టేశాడు. రుమాలు మళ్లీ ముక్కుకి కట్టుకున్నాడు.

"అబ్బబ్బ... ఎలా బతుకుతున్నార్రా ఈ కంపులో," అని ఇంజన్ ఎక్కేశాడు.

ఎక్స్‌ప్రెస్ మెత్తగా కదిలి చీకట్లో కలిసిపోయింది. ముక్కాయన గట్టు మీద వంగి, పేగులు తెగేలా వాంతి చేసుకున్నాడు. గుంట కంపు అతనికి తగలనే లేదు. దెయ్యమైనా ఎంత బాగుండేది అనుకున్నాడు. దెయ్యాన్ని తలుచుకుని ఏడవొచ్చు, దీన్ని తలుచుకుంటే ఒళ్లంతా సబ్బు పెట్టి తోముకోవాలనిపిస్తోంది.

క్వార్టరు గుంటకి అవతలి గట్టునే. దారిపొడవునా అతని మనసులో ఒకటే గొడవ. చెబితే, అక్క మొగుడొదిలేసిన ఆడదైపోతుంది. చెప్పకపోతే, ఆ సెంటు రాసుకున్నవాడి కోసం బతుకంతా టీ పెడుతూనే ఉంటుంది.

అక్క గుమ్మంలోనే ఉంది. మగ్గందుకుంది.

"తాగాడా?"

"తాగాడు," అన్నాడు. "చక్కెర తక్కువైందన్నాడు."

అక్క చెయ్యి ఆగిపోయింది.

"ఏంట్రా ఆ మాటలు?"

"బతికే ఉన్నాడక్కా. మళ్లించిన ఎక్స్‌ప్రెస్ మీద వచ్చాడు. దాని మీదే ఫైర్‌మన్. మీసం తీసేశాడు. వేరే పేరు పెట్టుకున్నాడు. నిన్నటిదాకా తాగాడని నేను చెప్పిందంతా అబద్ధం, రోజూ నేనే పారబోశాను. ఇవాళ ఒక్కరోజే తాగాడు." తన చేతులు ముందుకి చాపాడు. "ఆ గుంటలో ఎవడు దిగుతాడ్రా అన్నాడు."

అక్క తమ్ముడి చేతులవైపు చూసింది. ఏడుస్తుందనుకున్నాడు, ఏడవలేదు.

"ఆ ఇంజన్ మళ్లీ ఇటొస్తుందా?"

"రాదు. దాని దారి ఇది కాదు. ఇవాళ గతిలేక వచ్చింది."

"అయితే చచ్చినట్టే," అంది.

మగ్గుని రెండు వేళ్లతో, చచ్చిన ఎలుకని తోక పట్టుకున్నట్టు పట్టుకుని చీకట్లోకి నడిచింది. కాసేపటికి గుంటలో మెత్తగా ఒక చప్పుడైంది. తిరిగొచ్చి, మోచేతుల దాకా సబ్బు రాసి, రుద్ది రుద్ది కడుక్కుంది. అదే సబ్బు తమ్ముడి చేతిలో పెట్టింది.

"రేపు దీపాలాయన్ని టీకి రమ్మను," అంది. "చక్కెర ఎంత వెయ్యాలో నేనే అడుగుతా."