బతికున్న ఫ్రేసియాకు దీపాలు

"ఆ ముందు సీటు గైడ్‌ది, మేడమ్."

"ఎక్కడైనా రాసుందా?"

"రాయక్కర్లేదు. అందరికీ తెలిసిందే."

"నాకు తెలీదుగా. వెనక కూచుంటే నాకు కడుపులో తిప్పుతుంది. లేవమంటే లేస్తాను. మీ తెల్లచొక్కా పక్కనే కూచుంటాను. తర్వాత నన్ననకండి."

డ్రైవర్ నిబాల్దో స్టీరింగు మీద వాలిపోయి నవ్వాడు. గైడ్ అలీరో తన చొక్కా వంక ఒకసారి చూసుకుని వెనక సీట్లోకి వెళ్ళాడు.

శాంటియాగో నుంచి మైపో లోయ ద్రాక్షతోటలకు జనాన్ని పొద్దున తీసుకెళ్ళి సాయంత్రం తెచ్చి దించడం అలీరో పని. మనిషిని చూడగానే అంచనా కట్టేవాడు. ఎవరు అరలో పైవరుస ఖరీదైన సీసా కొంటారు, ఎవరు అన్నీ రుచి చూసి మూతి తుడుచుకుని లేస్తారు, వ్యాను మెట్టు మీద కాలు పెట్టగానే చెప్పేసేవాడు. ఈ అమ్మాయి మాత్రం అంచనాకు అందలేదు. మాట వింటే ఊళ్ళో పిల్లే. ఊళ్ళోవాళ్ళు ఈ టూరుకు రారు. వస్తే విదేశం నుంచి దిగిన చుట్టాన్ని వెంటబెట్టుకుని వస్తారు. ఈమె ఒంటరిగా వచ్చింది. టికెట్టు మీద పేరు యాస్నా.

ఊరు వదిలి సొరంగం దాటగానే అలీరో మైకు అందుకున్నాడు.

"ఒక్క నియమం. మా దేశంలో గ్లాసుకు గ్లాసు తగిలించేటప్పుడు ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడాలి. చూపు తప్పించారో, ఏడేళ్ళు ప్రేమ కలిసిరాదు."

"మీకు ఎన్నేళ్ళయింది?" ముందు సీట్లోంచి యాస్నా అడిగింది.

"దేనికి?"

"కలిసిరాక."

వ్యాను మొత్తం గొల్లున నవ్వింది. బ్రెజిల్ నుంచి వచ్చిన ఇరాసీ అనే పెద్దావిడ చప్పట్లు కొట్టింది. అలీరోకు కోపం రావలసింది, రాలేదు. అదే అతనికి ఆశ్చర్యం.

"మీరేం చేస్తుంటారు?" ముందుకు వంగి అడిగాడు.

"కళ్ళద్దాల షాపులో కళ్ళు పరీక్ష చేస్తాను. కొంతమంది అక్షరాలు కనబడకపోయినా కనబడినట్టు చదివేస్తారు. వాళ్ళని పట్టుకోవడమే పెద్ద పని."

"ఎలా పట్టుకుంటారు?"

"గడగడా చదువుతారు కదా. నిజంగా కనబడేవాళ్ళు ఒకచోటైనా తడబడతారు."

అలీరో వృత్తే గడగడా మాట్లాడటం. ఆ మాట తనకు తగిలిందని అతనికి అప్పుడు తోచలేదు.

*

వ్యాను ఆగిన మూడు చిలుకల తోట అంటే మైపో లోయలో పాతవాళ్ళకు తెలుసు. మార్చి నెల, కోతల కాలం. దుమ్మూ, పండిన ద్రాక్ష పులుపూ కలిసిన గాలి. ప్రతి వరుసకు మొదట్లో ఒక గులాబీ చెట్టు.

గులాబీ అక్కడ ఎందుకుందో అలీరోకు తెలియక కాదు. బూజు తెగులు ముందు గులాబీ ఆకు మీదే కనబడుతుంది; అది చూసి ద్రాక్షకు గంధకం చల్లుకుంటారు. కానీ తెగులు పేరు ఎత్తితే ఎవరి చెయ్యీ సీసా మీదకు పోదు. అందుకని పోయిన కోతలప్పుడు అతను వేరే కథ అల్లాడు. తోట అంచున, దారి పక్కన ఒక పాత చెక్క బెంచీ ఉంది. దాని మీద ఒక పేరు చెక్కి ఉంది. కథకు అంతే చాలింది.

"ఫ్రేసియా." బెంచీ ముందు నిలబడి అలీరో గొంతు తగ్గించాడు. "ఈ తోటలో ద్రాక్ష కోసే పిల్ల. యజమాని చిన్న కొడుకు ఆమెను ప్రేమించాడు. ఇటలీ వెళ్తూ, తిరిగొచ్చేదాకా ఇక్కడే కూచో అన్నాడు. ఆమె కూచుంది. ఏడాదికో గులాబీ నాటింది. ఈ వరుసల మొదట్లో ఉన్నవన్నీ ఆమెవే. ఒక పొద్దున పనివాళ్ళు వచ్చి చూస్తే చేతిలో కత్తెర, కళ్ళు దారి మీద. ఊపిరి లేదు."

ఇరాసీ ముక్కు చీదింది. ఆమె భర్త టోపీ తీశాడు.

ఆ దేశంలో అన్యాయంగా పోయినవాళ్ళ పేర దారి పక్కన దీపం పెట్టి మొక్కుకోవడం, కోరిక తీరితే పలక తగిలించడం పసిపిల్లకు కూడా తెలిసిన సంగతి. బెంచీ కింద అప్పటికే కరిగిన మైనం గుట్టలా పేరుకుంది. ప్లాస్టిక్ పూలు, "ఫ్రేసియాకు కృతజ్ఞతలు" అన్న రేకు పలకలు. గిరాకీ చూసి నిబాల్దో కూడా వ్యాను అరలో కొవ్వొత్తులు ఉంచడం మొదలుపెట్టాడు. ఇప్పుడు ఒకటి తెచ్చి ఇరాసీ చేతికిచ్చాడు.

"పోయేనాటికి ఆవిడ వయసెంత?" యాస్నా అడిగింది.

"యాభై దాటలేదు."

"ఏం జబ్బు?"

"జబ్బు కాదు. గుండె పగిలి పోయింది."

"డాక్టరే చెప్పాడా?"

"ఉష్, అమ్మాయ్," అంది ఇరాసీ కళ్ళు తుడుచుకుంటూ. "నీకు మనసు లేదా?"

యాస్నా వెలిగిన దీపం వంక కాదు, అలీరో ముఖం వంక చూస్తోంది. అతను దాన్ని మెచ్చుకోలు అనుకున్నాడు. అంత తప్పు అంచనా అతను జీవితంలో కట్టలేదు.

*

రుచి చూసే గదిలో ఎర్రవైన్ పోశారు. అలీరో తన గ్లాసు పట్టుకుని కావాలనే యాస్నా ఎదుటికి వచ్చాడు.

"నియమం గుర్తుందిగా?"

"ఉంది."

గ్లాసులు తగిలాయి. ఆమె కళ్ళు తేనెరంగువి. అతని లోపల ఏదో హాయిగా కదిలింది. ఆమె చూపు తిప్పకుండానే మెల్లగా అంది:

"ఆ ఫ్రేసియా మా అమ్మమ్మ. బతికే ఉంది. దారికి అవతల నీలం తలుపు ఇల్లు."

అతను నవ్వబోయాడు. ఆమె నవ్వలేదు.

"పొద్దున కిటికీ తెరిస్తే తన పేరు మీద దీపాలు. ఎవరో పిల్లలు సైకిళ్ళ మీద వచ్చి లెక్కల పరీక్ష గట్టెక్కించమని మొక్కుకున్నారు. గట్టెక్కారు కూడా, పలక చూశారుగా. రొట్టెల షాపతను 'ఫ్రేసియమ్మా, నా మోకాలు కూడా కాస్త చూడు' అంటాడు. ఊరంతటికీ నవ్వులాటే. ఆవిడ మాత్రం ఆ బెంచీ మీద కూచోవడం మానేసింది. 'నా శవం కూచున్న చోట నేనెట్టా కూచునేదే' అంటుంది. మా తాతయ్య చేసిన బెంచీ అది."

"పేరు చెక్కి ఉంటే..."

"పేరు చెక్కుంటే చచ్చిపోయినట్టేనా? దారి దాటి అడగడానికి ఎంతసేపు?"

అడిగితే నిజం తెలుస్తుంది. నిజం తెలిస్తే కథ పోతుంది. కథ పోతే అమ్మకం పోతుంది. ఈ లెక్క అతను ఎన్నడూ బయటికి వేసుకోలేదు. లోపల మాత్రం వేసుకునే ఉన్నాడు. ఇప్పుడది ముఖాన కొట్టింది. చెవుల దాకా వేడెక్కింది.

"అందరి ముందూ ఎందుకు చెప్పలేదు?"

"చెప్పి పరువు తీద్దామనే టికెట్టు కొన్నాను." ఆమె గ్లాసు బల్ల మీద పెట్టింది. "కథ చెప్తుంటే మీ కళ్ళు చూశాను. మీరే సగం నమ్ముతున్నారు. అబద్ధమాడేవాణ్ణి తిట్టగలను. తన అబద్ధానికి తనే కళ్ళనీళ్ళు పెట్టుకునేవాణ్ణి ఏం చెయ్యాలో నాకు తెలీలేదు."

రెండో వైన్ పోశారు. ఇరాసీ హుషారుగా వచ్చి అతని గ్లాసుకు గ్లాసు తగిలించింది. అలీరో నేల వంక చూస్తున్నాడు.

"గైడు గారూ! చూపు తప్పించారు! ఏడేళ్ళు!"

"తక్కువే," అన్నాడు అలీరో. గ్లాసు దించి, గొంతు సవరించుకున్నాడు. ఈసారి మాట గడగడా రాలేదు. "అందరూ కాస్త వినండి. బెంచీ దగ్గర నేను చెప్పింది... అది నేను కల్పించింది. గులాబీలు తెగులు కనిపెట్టడానికి. ఫ్రేసియా గారు... బతికే ఉన్నారు."

తలుపు దగ్గర నిబాల్దో "ఒరేయ్, అయిపోయావురా" అన్నాడు.

"మరి నేను ఏడ్చిన ఏడుపు?" ఇరాసీ నడుం మీద చేతులు పెట్టుకుంది. "రెండు రుమాళ్ళు తడిపాను! మా అమ్మ పోయినప్పుడు కూడా ఒక్కటే తడిపాను!"

"క్షమించండి."

"నాకెందుకయ్యా చెప్తావు? నాకు దీపం పెట్టావా? పోయి ఆవిడకు చెప్పు. పదండి, నేనూ చూడాలి."

*

దారి దాటడానికి నిజంగానే ఎంతోసేపు పట్టలేదు. అందుకే అలీరోకు మరింత సిగ్గేసింది.

నీలం తలుపు తీసిన ముసలావిడ పొట్టిగా, గట్టిగా ఉంది. ఏప్రను నిండా పిండి. మనవరాలిని, ఆమె వెనక గుంపుని, గుంపు ముందు తల వంచుకున్న కుర్రాణ్ణి వరసగా చూసింది.

"వీడేనా నన్ను చంపింది?"

"వీడే, అమ్మమ్మా."

"సన్నగానే ఉన్నాడే. ఏం నాయనా, చచ్చినదాన్ని చూపించడానికి టికెట్టు వేరేగా పెట్టలేదా?"

"అమ్మా, నేను... తప్పయింది. నేను అడగకుండా..."

"ఆగు. తప్పొప్పులు తర్వాత. ఆ కథేంటో నాకు చెప్పు. ఊరందరూ విన్నారు, నేను తప్ప. వాళ్ళకి చెప్పినట్టే చెప్పాలి, గొంతు తగ్గించి."

అంతకంటే పెద్ద శిక్ష ఎవరూ వేయలేరు. నిబాల్దో, ఇరాసీ, యాస్నా వింటుండగా, అలీరో ఆ పెద్దావిడ ముఖం ముందు నిలబడి, ఆమె ఎట్లా ఎదురుచూసిందో, ఎట్లా చచ్చిపోయిందో చెప్పాడు. కత్తెర దగ్గరికి వచ్చేసరికి మాట ఆగిపోయింది.

"చిన్న కొడుకా?" ఫ్రేసియా కళ్ళు చిట్లించింది. "ఆ చీమిడిముక్కోడా? వాడి కోసం నేను కూచున్నానా? కోతలప్పుడు కూచునే తీరికెక్కడిదిరా! నేను ఆపితే వరుసంతా ఆగేది."

ఇరాసీ పకపకా నవ్వింది.

"మరి ఆ బెంచీ?" నేల వంకే చూస్తూ అడిగాడు అలీరో.

ముసలావిడ గొంతు కాస్త మెత్తబడింది. "బెలార్మీనో. ట్రాక్టరు తోలేవాడు. గట్టు మీద నా అన్నం గిన్నె పెట్టుకుంటే దాని మీద నుంచి పోనిచ్చాడు. చిక్కుడుగింజల కూర, నేలపాలు. వాడికి నోరు పెగల్లేదు. కోతలన్నాళ్ళూ నా ముఖం వంక చూడలేక తల దించుకునే తిరిగాడు, అచ్చం నీలాగే. కోతలు ముగిసిన రోజు ఆ బెంచీ మోసుకొచ్చి పెట్టి, 'ఇక కింద పెట్టుకోకు' అని పోయాడు. అదే క్షమాపణ. అదే పెళ్ళిచూపులు కూడాను." ఆమె ఏప్రను దులుపుకుంది. "నోటితో తప్పయిందంటే నాకు ఆనదు అబ్బాయ్. ఆ మైనం గీకిపెట్టు. గీకాక వచ్చి మాట్లాడు."

వెనక్కి వెళ్ళేటప్పుడు అలీరో చివరి సీట్లో కూర్చున్నాడు. మైకు ముట్టుకోలేదు.

*

మర్నాటి ఆదివారపు ట్రిప్పు వేరే గైడ్‌కు అప్పజెప్పి, అలీరో పల్లె బస్సెక్కి వచ్చాడు. గీకుడు కత్తి, గుడ్డలు, ఒక సీసా నూనె. పలకలన్నీ ఊడదీశాడు. మైనం చెక్కలోకి ఇంకిపోయింది. ఎంత గీకినా జిడ్డు వదలదు. దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు. రొట్టెల షాపతను "ఓహో, చంపినవాడే కడుగుతున్నాడే!" అని కేకేసి పోయాడు. అలీరో తల ఎత్తలేదు. పడాల్సిందే అనుకున్నాడు.

"ఆ మూల వదిలేశారు." నీడ పడింది. యాస్నా.

"కనబడింది. వస్తున్నాను."

"అబ్బో, కనబడిందా? కళ్ళు బాగానే ఉన్నాయన్నమాట." ఆమె పక్కనే గొంతుక్కూర్చుని ఇంకో గుడ్డ అందుకుంది. "మీ టూరు కంపెనీవాళ్ళు ఏమన్నారు?"

"కథ మార్చాను అన్నాను. అమ్మకాలు పడిపోతే చూస్తామన్నారు."

"పడిపోతాయా?"

"నిన్న ఆ బ్రెజిల్ ఆవిడ వెళ్తూ రెండింతల సీసాలు కొంది. ట్రాక్టరు మొగుడి పేరు మీదట."

యాస్నా నవ్వింది. తేనెరంగు కళ్ళు అతను చూడలేదు, నవ్వు మాత్రం విన్నాడు.

ఎండ వాలుతుండగా నీలం తలుపు తెరుచుకుంది. ఫ్రేసియా ఒక చేత్తో ఇంటి ద్రాక్షరసం జగ్గు, ఇంకో చేత్తో గ్లాసులు పట్టుకుని దారి దాటి వచ్చింది. బెంచీ చుట్టూ ఒకసారి తిరిగింది. తన పేరు మీద వేలు రాసింది. కూర్చోలేదు.

అలీరో గీకుడు కత్తి పక్కన పెట్టేశాడు. ఇది ఆమె కూచునే బెంచీ కాకుండా పోతే ఇక చేయగలిగింది ఏదీ లేదు.

ముసలావిడ గులాబీ చెట్టు దగ్గరికి వెళ్ళి ఒక ఆకు తుంచింది. తెల్లటి బూజు చుక్క. దాన్ని అతని బుగ్గ పక్కన పెట్టి పోల్చి చూసింది.

"చూశావుటే, యాస్నా? వీడి ముఖం కూడా గులాబీ ఆకే. లోపల తెగులుంటే ముందు ఇక్కడే బయటపడుతుంది. అలాంటి తోట బాగుపడుతుంది. ఏదీ బయటపడనిచోటే భయం."

"మరి మందో, అమ్మమ్మా?"

"గంధకం చల్లాలి. అప్పుడప్పుడూ. ఘాటుగా."

"ఎవరు చల్లుతారు?"

"నన్నడుగుతావేం? నేను చచ్చిపోయి చాలా రోజులైంది."

అని ఫ్రేసియా తన బెంచీ మీద, సరిగ్గా మధ్యలో, హాయిగా కూర్చుంది. గ్లాసులు నింపింది.

యాస్నా తన గ్లాసు అతని గ్లాసుకు తగిలించి, ఆగింది. అలీరో చెవులు మళ్ళీ ఎర్రబడ్డాయి. అవి ఎర్రగా ఉండగానే అతను తల ఎత్తి చూశాడు.

"ఊఁ," అంది యాస్నా, చూపు తిప్పకుండా. "ఇప్పుడు చదవండి. మెల్లగా. తడబడినా ఫర్వాలేదు."