కదలని బండికి నిండిన ట్యాంకు

ఆదివారం పొద్దున్నే కాఫీ తాగి, గ్లాసు అరుగు మీద పెట్టి, బుచ్చిరాజు తన బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. ఇది రోజూ ఉన్నదే. దేవుడికి దణ్ణం పెట్టుకోవడం ఎప్పుడైనా మానాడేమో గానీ ఇది మానలేదు. గుడివాడ బస్సు డిపోలో ముప్ఫై ఒక్కేళ్ళు మెకానిక్కుగా చేసి రిటైరైన మనిషి, మూలపడ్డ స్కూలు వ్యానొకటి కొనుక్కొచ్చి, పద్నాలుగు నెలలు ఒళ్ళొంచి దాన్ని ఇల్లు చేశాడు. అందులో రెండు పడకలు, గ్యాసుపొయ్యి, గిన్నెలు కడుక్కోవడానికి సింకు, గోడకి మడతపడే బల్ల, బీరువా అంత బాత్రూము. వాడిన నీళ్ళన్నీ నేల కింద బిగించిన ట్యాంకులోకి పోతాయి. ట్యాంకు పక్కనున్న కడ్డీ లాగితే వాల్వు తెరుచుకుని ఆ నీళ్ళు బయటికొచ్చేస్తాయి. వీధిలోవాళ్ళు దాన్ని సినిమావాళ్ళ క్యారవాన్ అంటారు. బుచ్చిరాజు పైకి విసుక్కుంటాడు గానీ లోపల పొంగిపోతాడు.

మర్నాడు దాని మొదటి ప్రయాణం. హంసలదీవి వెళ్ళి, కృష్ణ సముద్రంలో కలిసేచోట రెండు రోజులుండి, కూచిపూడి మీదుగా తిరిగి రావాలి. "ఊళ్ళోవాళ్ళ ప్రయాణాలకి బళ్ళు బాగుచేసి పంపించాను గానీ నిన్ను మాత్రం విజయవాడ దాటించలేదు" అని సర్వీసులో ఉన్నన్నాళ్ళూ భార్యతో అంటూ వచ్చాడు. తీరా ఆ రోజు దగ్గరపడేసరికి, నిన్న అన్నం దగ్గర హైమావతి మజ్జిగ పోస్తూ పోస్తూ, "మీరు వెళ్ళిరండి. నేను రాను" అంది.

"ఎందుకు?"

"ఏం లేదు."

"ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉంది. అయినా ఆ బండి ఇక్కడే ఉంటే మీకొచ్చిన నష్టమేంటండీ?"

ప్రయాణానికని చేసిన బండి పెరట్లోనే ఉంటే నష్టమేంటట! ఈ బండి ఎవరికోసం చేశాడు? ఆవిడకోసం కాదూ? ఆ ముక్క బుచ్చిరాజుకి ఇప్పటికీ మింగుడుపడలేదు.

ఆ బెంగతోనే బండెక్కి స్విచ్చి వేశాడు. తలుపు పక్కన ఎర్రబల్బు వెలిగింది. వాడిన నీళ్ళ ట్యాంకు నిండితే తెలియడానికి తనే పెట్టిన బల్బు అది.

బుచ్చిరాజు నవ్వుకున్నాడు. బండి పెరడు దాటలేదు. అందులో ఒక్కరూ చెయ్యి కూడా కడుక్కోలేదు. అసలు మంచినీళ్ళే ఇంకా పట్టలేదు. వైరు ఎక్కడో తగులుతున్నట్టుంది అనుకుని దిగి, వెల్లకిలా పడుకుని బండి కిందికి దూరాడు. వేలి కణుపుతో ట్యాంకుని తట్టాడు. డొల్లగా మోగాల్సింది, నిండుబిందెని తట్టినట్టు మొద్దుగా పలికింది. కడ్డీ పట్టుకుని లాగాడు. కదల్లేదు. కాలు తన్నిపెట్టి రెండు చేతులా లాగాడు. ఊహూఁ.

చుక్క నీళ్ళు పోయని ట్యాంకు నిండిపోయింది. ఒక్కసారైనా వాడని వాల్వు బిగుసుకుపోయింది. ఎన్ని వందల ఇంజన్లు విప్పాడో లెక్కలేదు గానీ ఇలాంటి విడ్డూరం చూడలేదు.

"హైమా, కొబ్బరినూనె సీసా ఓసారి పట్రా" అని కేకేశాడు.

మొదటి పిలుపుకే హైమావతి వచ్చింది. అదింకో విడ్డూరం. మూడు నెలలుగా మధ్యాహ్నాలు ఎంత గొంతు చించుకున్నా ఆవిడకి వినపడదు. మంచినీళ్ళకని పిలుస్తాడు, కళ్ళజోడుకని పిలుస్తాడు, ఇల్లంతా ప్రతిధ్వనిస్తుంది తప్ప మనిషి పలకదు. ఆవిడకి చెవుడొస్తోందని భయపడి మచిలీపట్నంలో డాక్టరు దగ్గర పేరు కూడా రాయించాడు. కానీ పొద్దున వినపడి మధ్యాహ్నం వినపడని చెవుడేం చెవుడో ఆ డాక్టరే చెప్పాలి.

నూనె సీసా అందుకుంటూ ఆవిడ వేళ్ళు చూశాడు. గోళ్ళ చుట్టూ నల్లగా ఉంది.

"మళ్ళీ అరటిపువ్వు వలిచావా?"

"ఆఁ. ఎంత కడిగినా మరక పోదు కదండీ" అంది హైమావతి, చేతులు కొంగులో పెట్టుకుంటూ.

ఈ మూడు నెలల్లో ఆవిడ వలిచిన అరటిపువ్వులకి లెక్కలేదు. కూర మాత్రం ఒక్కరోజూ కంచంలోకి రాలేదు. ఈ సంగతి బుచ్చిరాజుకి అప్పుడే తట్టింది, కానీ మనసు వాల్వు మీదుండి ఎక్కువసేపు నిలవలేదు.

"ట్యాంకు నిండిపోయిందే" అన్నాడు.

హైమావతి మొహం తెల్లబోయింది. "వాననీళ్ళు దిగుంటాయి."

"అన్నివైపులా మూసున్న ట్యాంకులోకి వానెలా దిగుతుంది?"

ఆవిడ పొయ్యి మీద పాలు పొంగుతున్నాయంటూ లోపలికి వెళ్ళిపోయింది. పాలు కాచి అప్పటికి గంటయింది.

తొమ్మిదింటికి కూతురు తనూజ వచ్చింది. మచిలీపట్నంలో టీచరు. అమ్మానాన్నల్ని సాగనంపడానికని పిల్లల్ని భర్తకి అప్పగించి బస్సెక్కింది. వస్తూనే తండ్రితో, "అమ్మకి చెవుడేంటి నాన్నా? నేను గుమ్మంలో చెప్పులిప్పుతుంటే వంటింట్లోంచే 'వచ్చావా' అంది" అంది.

"అదే నాకూ అంతుపట్టడం లేదమ్మా" అన్నాడు బుచ్చిరాజు. ఆ మాట చెవి గురించో, ట్యాంకు గురించో, రేపటి ప్రయాణం గురించో అతనికే తెలియదు.

ఇక లాభం లేదని సిరాజుద్దీన్‌కి ఫోన్ చేశాడు. డిపోలో వెల్డరుగా పక్కపక్కనే పనిచేసిన స్నేహితుడు. కోత మిషను సంచిలో వేసుకుని పావుగంటలో దిగాడు. బండి కిందికి దూరి, వాల్వుని అటూ ఇటూ చూసి, బయటికొచ్చి గెడ్డం గోక్కున్నాడు.

"అన్నయ్యా, ఈ ట్యాంకుని ఎవరో వాడుతున్నారు."

"ఎవరు వాడతారు? తాళం నా ఇంట్లోనే ఉంటే."

"దయ్యాలకి సింకుతో పనేముందన్నా? మనుషులే. వాల్వు పలక లోపల గడ్డకట్టి పట్టేసింది. లాగితే కడ్డీ ఊడొస్తుంది. పైపు కోసేసి కొత్తది వేద్దాం."

తాళంచెవి వంటింట్లో మేకుకి వేలాడుతుంది. బుచ్చిరాజుకి ఒక్కసారిగా ఏదో వెలిగినట్టయింది. వెలిగింది తప్పుదీపమని తెలియదు కదా, విసవిసా వంటింట్లోకి నడిచాడు.

"మీ తమ్ముడు రాజకుమార్ నెలకి రెండుసార్లు పెడన నుంచి వస్తున్నాడు. సంచితో వస్తాడు, నేను మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి వెళ్ళిపోతాడు. ఆ సంచిలో ఏముంటుంది హైమా?"

హైమావతి కత్తిపీట మీద నుంచి తలెత్తలేదు.

"నా బండిలో కూర్చుని తాగుతున్నాడా? అదేనా నువ్వు దాస్తున్నది? అందుకేనా బండి కదలకూడదంటున్నావు?"

"నాన్నా, మాట జారకు" అంది తనూజ.

"మరి నిజం చెప్పమను. పద్నాలుగు నెలలు నడుములు పడిపోయేలా చేశాను దీనికోసం. రేపు నాతో రానంటుంది. ఎందుకో చెప్పదు. నాకేమైనా పిచ్చా?"

"వాడు కాఫీ కూడా తాగడు" అంది హైమావతి. "నన్నేమైనా అనండి. వాణ్ణనకండి."

అంతలో పెరట్లో కోత మిషను గుర్రుమంది. హైమావతి చేతిలోది అక్కడే పడేసి పరిగెత్తింది. అరవయ్యో ఏట అడుగుపెట్టబోతున్న ఆ మనిషి అలా పరిగెత్తడం ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

"సిరాజు గారూ, కొయ్యకండి. ఆయన కష్టపడి బిగించుకున్నది పాడుచెయ్యకండి. వేడినీళ్ళు పోస్తే వదిలేస్తుంది. జిగురది."

మిషను ఆగింది. వెనకాలే వచ్చిన బుచ్చిరాజు కూడా ఆగాడు.

"ఏం జిగురు?"

"తుమ్మజిగురు" అని ఆవిడ నీళ్ళు కాచడానికి వెళ్ళింది.

తుమ్మజిగురేంటి, తన ట్యాంకులోకి రావడమేంటి? ఇంకో ప్రశ్న అడిగే ఓపిక లేక బుచ్చిరాజు మళ్ళీ బండి కిందికి దూరాడు. వాల్వు చుట్టూ గోనెగుడ్డ చుట్టి, తనూజ అందిస్తున్న మరుగునీళ్ళు చెంబులకి చెంబులు పోశాడు. అరగంట నానబెట్టాక కడ్డీ పట్టుకున్నాడు.

"లాగొద్దన్నా. ముందుకీ వెనక్కీ ఆడించు. కొంచెంకొంచెంగా" అన్నాడు సిరాజుద్దీన్.

వెంట్రుకవాసి కదిలింది. మళ్ళీ ఆడించాడు. బియ్యపుగింజంత కదిలింది. మరో రెండు చెంబులు పోశాక, సగం తెరుచుకుని, లోపలున్నదంతా ఒక్కపెట్టున అతని చేతుల మీద, చొక్కా మీద పడింది.

నల్లటి నీళ్ళు. ఇంజనాయిలు కాదు. ఆ నలుపుకి వాసనుంది. తుప్పు, బెల్లం కలిసి పులిసిన వాసన.

బుచ్చిరాజు ఆ వాసనని పోల్చుకున్నాడు. ముప్ఫై అయిదేళ్ళ కిందట పెడనలో పెళ్ళిచూపుల నాడు, ఆ ఇంటి వాకిట్లోనే ముక్కుకి తగిలింది. వాళ్ళది కలంకారీ అద్దకం ఇల్లు. తుప్పుపట్టిన ఇనుమూ బెల్లమూ కుండల్లో నానబెట్టి, జిగురు కలిపి, చెక్క అచ్చులతో గుడ్డ మీద అద్దుతారు. కాఫీ తెచ్చిన పిల్ల గోళ్ళు నల్లగా ఉన్నాయి. కాపురానికొచ్చిన వారానికే తన తల్లి ఆ పిల్లతో, "ఆ నల్లచేతులతో వడ్డిస్తే నాకు ముద్ద దిగదమ్మా. ఆ పనులు పుట్టింట్లో వదిలిపెట్టు" అంది. తను పక్కనే కూర్చుని, తలొంచుకుని అన్నం తిన్నాడు. అది గుర్తుకొచ్చేసరికి బండి కింద నుంచి లేవబుద్ధి కాలేదు.

చివరికి బయటికొచ్చాడు. హైమావతి బండి మెట్టు మీద కూర్చునుంది.

"ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగాడు.

"మీరా బల్ల బిగించిన మర్నాటి నుంచి. నేను నుంచుని కూరలు తరుక్కోవడానికని నా నడుముకి కొలిచి చేశారుగా. మా నాన్న అద్దకం బల్ల సరిగ్గా అంతే ఎత్తుండేది. దుప్పటి మడిచి పరిచి, ఒక అచ్చు వేసి చూద్దామనుకున్నాను. ఆపలేకపోయాను. నీళ్ళు బిందెతో మోసుకున్నాను. అచ్చులూ రంగూ తమ్ముడు తెచ్చిచ్చాడు. చేతులు కడిగిన నీళ్ళు ఎక్కడికి పోతున్నాయో ఆలోచించలేదండీ. సింకులో పోస్తే ఎటో పోతాయనుకున్నాను."

"ఇంట్లో ఇన్ని గదులుండగా ఆ ఇరుకులో ఎందుకే?"

హైమావతి గోళ్ళ నలుపు గీక్కుంటూ చెప్పింది. "ఇంట్లో ఏ గదిలో ఉన్నా మీరు పిలిస్తే వినపడుతుంది. బండిలో తలుపేసుకుంటే వినపడదు."

ఎండవేడి లోపలికి రాకుండా ఆ గోడలనిండా మందపాటి స్పాంజి కుక్కింది తనే. ఆవిడ మధ్యాహ్నపు చెవుడు అర్థమైంది. సిరాజుద్దీన్ పనిముట్లు సర్దుకుంటున్నట్టు మొహం తిప్పుకున్నాడు.

"నాతో చెప్పొచ్చు కదా."

"చెప్పాను. రెండేళ్ళయింది. మా తమ్ముడింట్లో అచ్చులు చూసి, రెండు తెచ్చుకోనా అనడిగాను. 'ఈ వయసులో రంగులు పూసుకుంటావా, హాయిగా ఊళ్ళు తిరుగుదాం' అని నవ్వారు. మీకు గుర్తుండదు."

నిజంగానే గుర్తులేదు. అదే అతనికి ఎక్కువ బాధ కలిగించింది.

తనూజ బండిలోకెళ్ళి, తల్లి చూపించిన చోట, పడక కింద నుంచి డబ్బా తీసింది. మూడు నెలల గుడ్డలు మడతలు పెట్టి ఉన్నాయి. తీగలు, చిలకలు, మామిడిపిందెల అంచులు. మొదటివాటిలో అచ్చులు ఎడంఎడంగా పడ్డాయి. పైనున్న వాటిలో ఒక అచ్చు ఎక్కడ ఆగి ఇంకోటి ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. "ఇన్నాళ్ళూ ఈ పని వచ్చని నాక్కూడా చెప్పలేదేంటమ్మా" అంటూ గుడ్డలో మొహం దాచుకుంది.

వాల్వు విప్పి, పలక మీద గడ్డకట్టిన జిగురు గీకి, గ్రీజు రాసి బిగించేసరికి ఒంటిగంట దాటింది. కడ్డీ ఇప్పుడు వేలితో లాగినా వస్తోంది. బుచ్చిరాజు సింకు రంధ్రం దగ్గర నుంచుని, "దీనికో జల్లెడ చేస్తాను. రంగునీళ్ళకి వేరే బకెట్టు పెడదాం" అన్నాడు. తర్వాత, ఎటో చూస్తూ, "రేపు వస్తావా?" అని అడిగాడు.

"అచ్చులు పెట్టుకోనిస్తే వస్తాను. తలుపేసుకున్నప్పుడు పిలవకూడదు."

"మరి కాఫీ?"

"పొయ్యి మీరే కదండీ బిగించారు" అంది హైమావతి. సిరాజుద్దీన్ పగలబడి నవ్వాడు.

భోజనాలకి ముందు బుచ్చిరాజు పెరట్లో చేతులు తోముకున్నాడు. సబ్బు అరిగింది గానీ నలుపు వదల్లేదు. గోళ్ళలో, గీతల్లో అలాగే ఉంది.

"మూడు రోజులుంటుంది. తోమకండి, తోలు లేస్తుంది" అంది హైమావతి తువ్వాలు అందిస్తూ.

నలుగురికీ కంచాలు పెట్టింది. పొద్దున అన్న మాట నిలబెట్టుకోవడానికో ఏమో, ఇవాళ నిజంగానే అరటిపువ్వు కూర చేసింది. ఆవిడ గరిటె అందుకోబోతే బుచ్చిరాజు ముందే తీసుకున్నాడు.

"కూర్చో."

"మీరు తినండి. నేను తర్వాత తింటాను."

"కూర్చో హైమా."

ఆవిడ కూర్చుంది. అతను అన్నం పెట్టాడు. కూర వేస్తుంటే తెల్లటి అన్నం మీదుగా తన నల్లటి వేళ్ళు కనిపించి చెయ్యి ఆగిపోయింది.

"ఆ రోజు మా అమ్మతో ఒక్కమాట చెప్పలేకపోయాను" అన్నాడు. "ఈ చేతులతో వడ్డిస్తే తింటావా?"

హైమావతి కళ్ళు తుడుచుకోలేదు. ఆ వేళ్ళకేసి చాలాసేపు చూసింది. ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకుని, నిదానంగా నమిలి మింగి, కంచం అతనివైపు జరిపింది.

"ఇంకొంచెం వెయ్యండి" అంది.