గేటు వేసే ముందు మూడు కేకలు

నది అడుగున సొరంగం. సొరంగం చివర, ఊరి వైపు, ఇనుప మెట్లెక్కి పైకి వస్తే కంట్రోల్ రూమ్. కిటికీల్లేని గది. గోడ నిండా తెరలు, తెరల నిండా రోడ్డు. లోపల ఏ బండి ఆగిపోయినా, ఎవడైనా గోడ పక్కన సంచీ వదిలేసి పోయినా, ఎక్కడ నీటి చెమ్మ కనిపించినా వెంటనే పట్టుకోవడం అక్కడి వాళ్ల పని. ఆ గదిలో కూర్చునే ఆవిణ్ని అందరూ కెమెరా అక్క అంటారు. ఆవిడకంటే పదేళ్లు పెద్దవాళ్లు కూడా అలాగే పిలుస్తారు. తెర మీద బల్లి పాకినా అది ఏ గోడ మీద బల్లో చెప్పేస్తుందని పేరు.

ఆ మధ్యాహ్నం బయట కుండపోతగా కురుస్తోంది. గదిలో మాత్రం తడి గొడుగుల వాసన, ఏసీ చలి, ఫ్లాస్కులో టీ. సీనియర్ ఆపరేటర్ బాబాయ్ (ఆయన లోకానికంతా బాబాయే) బూట్లు విప్పేసి సాక్సులు ఏసీ గాలికి ఆరేశాడు.

"బాబాయ్, ఆ కంపుకి వరద కూడా వెనక్కి తిరిగి పోతుంది," అంది కెమెరా అక్క.

"పోతే అంతకంటే కావలసిందేముందమ్మా! గేటు వేసే పని తప్పుతుంది," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, ఆ తర్వాత చాలాసేపు నీటిమట్టం చూపే తెర మీంచి చూపు తిప్పలేదు.

నది గట్టు దాటిందంటే అవతలి ఒడ్డు నుంచి నీళ్లు సొరంగంలోకి దిగుతాయి. ఇవతల వైపు, సొరంగాన్ని ఆనుకునే భూగర్భ రైల్వే స్టేషన్. అందుకే మధ్యలో ఇంత మందాన ఒక ఉక్కు గేటు పెట్టారు. బండ్లన్నీ ఆపేశాక గేటు దించాలి. దించే ముందు మైకులో మూడుసార్లు కేకేయాలి, "లోపల ఎవరైనా ఉన్నారా? గేటు వేస్తున్నాం" అని. సొరంగం గోడకి అక్కడక్కడా సాయం అడిగే మైకులు ఉంటాయి. లోపల మనిషి పలికితే ఇక్కడ స్పీకర్లో వినిపిస్తుంది. పలుకు వస్తే గేటు ఆగి తీరాలి. అది రూలు.

కిందటి వానాకాలం మూడు కేకలూ వేశారు. పలుకు రాలేదు. గేటు దించారు. నీళ్లు తోడేశాక, గేటుకి చాలా దూరంగా, కేబుళ్ల సందులో కాలు ఇరుక్కుపోయి కెమెరా అక్క తమ్ముడు దొరికాడు. కెమెరాల మీద పేరుకున్న పొగ మసి తుడిచే పని వాడిది. ఆ మసే మైకులోకీ దూరి, వాడి గొంతు ఇవతలికి రానివ్వలేదట. ఆ రోజు ఆవిడకి సెలవు.

వాడికి ఆ ఉద్యోగం ఇప్పించింది ఆవిడే. "నువ్వు చేర్పించకపోతే ఇంట్లోనే పడుండేవాడు," అంది అమ్మ, ఒక్కసారే. ఒక్కసారి చాలదూ?

ఇంట్లో వాడంత బద్ధకస్తుడు లేడు. ఎప్పుడు పిలిచినా "ఒక్క నిమిషం అక్కా, వచ్చేస్తున్నా" అనేవాడు, మంచం మీంచి కదలకుండానే. ఆలస్యం అమృతం విషం రా అని ఈవిడ తిడితే, నిదానమే ప్రధానం అని దుప్పటి ముసుగులోంచి జవాబు వచ్చేది. ఇప్పుడు ఆ మంచం ఖాళీ. దాన్ని చూస్తే ఆవిడకి అన్నం సయించదు.

వాడు పోయాక ఆవిడకి గేటు డ్యూటీ వేయడం మానేశారు. జాలిపడ్డారని అనుకుంది. ఇవాళ గేటు వేయాల్సినవాడు వానలో ఎక్కడో చిక్కుకుపోయాడు.

నీటిమట్టం ఎర్ర గీత దాటింది. సొరంగం ఖాళీ చేయించారు. బండ్లు లేకపోయేసరికి లోపల దీపాలు వాటంతటవే ఆరిపోయాయి. ఇక ఎవరైనా నడిస్తే సొరంగం కప్పుకి, సరిగ్గా ఆ మనిషి పైనున్న దీపం ఒక్కటే వెలుగుతుంది, దాటిపోగానే ఆరిపోతుంది.

"నేను కేకేస్తాలే, నువ్వు కాసేపు బయటికి వెళ్లు," అన్నాడు బాబాయ్.

"ఎందుకు? నాకు నోరు లేదా?" అని మైకు లాక్కుంది.

మొదటి కేక. తన గొంతే సొరంగంలో తిరిగి తిరిగి అణిగిపోయింది.

రెండో కేక. గరగరమని చప్పుడు. ఎక్కడో నీటి చుక్క పడుతున్న శబ్దం...

మూడో కేక.

"అక్కా..."

ఆవిడ పైప్రాణాలు పైనే పోయాయి.

"ఒక్క నిమిషం అక్కా... వచ్చేస్తున్నా..."

లోపల చాలా దూరంలో ఒక దీపం వెలిగింది. దాని కింద ఎవరూ లేరు.

ఆవిడ తిరిగి చూస్తే బాబాయ్ తల వంచుకుని ఉన్నాడు. ఆయన ముఖంలో భయం ఉంది గానీ ఆశ్చర్యం లేదు.

"నీకు ముందే తెలుసా?" అని గొణిగింది.

"గేటు వేసిన ప్రతిసారీ పలుకుతాడమ్మా."

"మరి మీరు..."

"వేసేస్తాం. చెవులు మూసుకుని వేసేస్తాం. నీకు చెబితే ఆపుతావని... అందుకే..."

ఆవిడకి ఏడుపూ కోపమూ ఒకేసారి తన్నుకొచ్చాయి. ప్రతిసారీ! వాడు పిలుస్తుంటే, ప్రతిసారీ వాడి ముఖం మీదే వేశారు! మైకు నోటికి ఆనించుకుంది. "రా కన్నా. నేనున్నా. గేటు ఆపాను. మెల్లగానే రా."

రెండో దీపం వెలిగింది. ఆ తర్వాత ఇంకోటి. ఏ దీపం కిందా మనిషి లేడు. వెలుగు మాత్రం గేటు వైపు నడుచుకుంటూ వస్తోంది.

అవతలి ఒడ్డు కెమెరాలో బురదనీళ్లు కనబడ్డాయి. రోడ్డు మీద పరుచుకుంటున్నాయి.

"నీళ్లు దిగాయమ్మా! వాన తగ్గేదాకా ఆగుదామని జనమంతా స్టేషన్లోనే ఉన్నారు. పసిపిల్లలున్నారు. వేసెయ్ తల్లీ!"

"ఒక్క నిమిషం బాబాయ్."

దీపం... ఇంకో దీపం... నీళ్లు వెనకాలే తరుముతున్నాయి. "పరిగెత్తు, పరిగెత్తరా!" అని అరిచింది. గేటు దగ్గరి దీపం వెలిగింది. గేటు దాటాక ఇవతలి దీపమూ వెలిగింది.

ఆవిడ మీట నొక్కింది.

గేటు మూలుగుతూ దిగింది. నేలకి తగిలిన దెబ్బకి గది అదిరింది. బాబాయ్ కుర్చీలో కూలబడ్డాడు. ఆవిడ రెండు చేతుల్లో ముఖం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. దెయ్యమైతేనేం, వాడు తన తమ్ముడు. ఈసారి వాణ్ని వదిలేయలేదు. ఇంటికెళ్లి అమ్మ ముఖం సూటిగా చూడొచ్చు.

కింద ఇనుప మెట్ల మీద అడుగుల చప్పుడు మొదలైంది. బరువుగా... నిదానంగా...

అప్పుడే స్పీకర్ గరగరమంది.

"గేటు వేసేశావా అక్కా?"

ఆవిడ తెర వైపు చూసింది. లోపల, చాలా దూరంలో, అన్నిటికంటే ముందు వెలిగిన దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. నడిచిపోయిన దారిలో మిగతావన్నీ ఆరిపోయాయి. అది ఒక్కటీ ఆరనేలేదు. బల్లిని కూడా వదలని ఆవిడ కళ్లు ఇందాక దాన్ని గమనించలేదు.

"కన్నా... నువ్వు బయటికి రాలేదా?"

"కాలు ఇరుక్కుందక్కా... ఒక్క నిమిషం అన్నా కదా. నన్ను దాటుకుని ఎవరో వెళ్లారు... పిలిస్తే ఆగలేదు."

"బాబాయ్, గేటు ఎత్తు! ఎత్తు బాబాయ్!"

ఆయన లేవలేదు. అటు నీళ్లు తగిలాక ఆ గేటును ఏ మోటారూ ఎత్తలేదు. అది ఆవిడకీ తెలుసు. ఆయన కళ్లు తలుపు మీదే ఉన్నాయి. అడుగులు మెట్లెక్కుతున్నాయి.

"అక్కా, నీళ్లు చల్లగా ఉన్నాయి..."

"నేను మాట్లాడుతూనే ఉంటా నాన్నా. నా గొంతు విను చాలు. భయపడకు." ఏం మాట్లాడిందో ఆవిడకే తెలీదు. చిన్నప్పుడు వాడికి జ్వరమొస్తే నిద్రపుచ్చడానికి చెప్పిన కబుర్లన్నీ చెప్పింది. బద్ధకస్తుడా అని తిట్టింది. బంగారుకొండా అని బతిమాలింది. అటునుంచి ఊ కొట్టడం వినిపించింది... తర్వాత నీటి హోరు... తర్వాత అదీ లేదు. తెర మీద ఆ దీపం ఆరిపోయింది.

అయినా ఆవిడ మైకు వదల్లేదు. "నిద్రపో కన్నా," అంటూనే ఉంది. "నిద్రపో..."

అడుగుల చప్పుడు గది ముందుకొచ్చి ఆగింది. బాబాయ్ గభాలున ఆవిడ నోరు మూశాడు.

గదిలో ఏసీ చప్పుడు తప్ప ఏమీ లేదు.

తలుపుకి అవతల నుంచి, సరిగ్గా వాడి గొంతుతోనే, మెల్లగా...

"ఎవరితో మాట్లాడుతున్నావక్కా?"